నేల ఉసిరి పసరు: కామెర్లు తగ్గించేది మొక్కా, గడిచే రోజులా?

## క్లుప్తంగా

కామెర్లకు తెలుగువారు ఎక్కువగా నమ్మే మూలిక నేల ఉసిరి. ప్రయోగశాలలో, జంతువుల్లో దీని ప్రభావం కనిపించింది. మనుషుల్లో హెపటైటిస్‌-బి అనే కాలేయ వైరస్‌ మీద జరిగిన తొలి పరీక్ష పెద్ద ఆశ రేపింది కానీ, తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. పసరు తాగినవాళ్లలో ఎక్కువ మంది కోలుకోవడానికి ముఖ్య కారణం, వాళ్లకు వచ్చిన కామెర్లు వాటంతట అవే తగ్గే రకం కావడం. అలా తగ్గని రకాల్లో మాత్రం పసరు తాగుతూ గడిపే రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

వానాకాలం మధ్యకు వచ్చేసరికి ఏదో ఒక బస్తీలో మంచినీళ్ల పైపులోకి మురుగు చేరుతుంది. కొన్ని వారాలు గడిచాక ఒకరి తర్వాత ఒకరికి ఒళ్లు నలతగా ఉండటం, అన్నం చూస్తే వికారం రావడం, ఆ పైన కళ్లు పచ్చబడటం మొదలవుతాయి. "కామెర్లకు ఇంగ్లిష్‌ మందు లేదు, పసరు పోయించండి" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఆ పసరులో చాలా చోట్ల ఉండేది నేల ఉసిరి. ఫోన్లలో తిరిగే వీడియోలు ఇదే మొక్కను లివర్‌ను శుభ్రం చేసే మందుగా చూపిస్తాయి. కాలేయ వైద్యులేమో పసరు జోలికే పోవద్దంటారు. రెండు మాటల మధ్య నలిగే కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి, ఈ మొక్క నిజంగా ఏం చేస్తుంది, ఆ సంగతి ఎలా తెలిసింది అన్నది కాస్త తీరిగ్గా చూడాలి.

## ఒక పేరు, నాలుగైదు మొక్కలు

నేల ఉసిరి ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. పొలం గట్టు మీద, పూలకుండీలో, ప్రహరీ గోడ వారన, వానలు పడ్డ పది పదిహేను రోజులకే కనిపిస్తుంది. జానెడు నుంచి మూరెడు ఎత్తు పెరుగుతుంది. రెమ్మకు రెండు వైపులా చిన్న చిన్న ఆకులు వరసగా ఉంటాయి, చీకటి పడితే ముడుచుకుంటాయి. పైనుంచి చూస్తే కాయలు కనపడవు. రెమ్మను వెనక్కి తిప్పితే ఆకుల కింద, గుండుసూది తలకాయంత ఆకుపచ్చ గుండ్లు వరసగా వేలాడుతుంటాయి. తమిళంలో దీన్ని కీళానెల్లి అంటారు. కింద కాసే ఉసిరి అని దాని అర్థం. పచ్చడి పెట్టుకునే ఉసిరి, ఈ నేల ఉసిరి ఒకే ప్రజాతికి, అంటే ఫిల్లాంథస్‌కు చెందినవే. ఒకటి చెట్టు, ఇంకొకటి గడ్డిలో కలిసిపోయే కలుపు.

ఈ మొక్కను గుర్తుపట్టడం చూసినంత సులువు కాదు. మన గ్రంథాల్లో, మందు సీసాల మీద చాలాకాలం దీన్ని ఫిల్లాంథస్‌ నిరూరి అని రాస్తూ వచ్చారు. అసలు నిరూరి అమెరికా ఖండాల మొక్క. ఇక్కడ నిరూరి పేరుతో చలామణి అవుతున్నది ఒకటి కాదని, అమారస్‌, ఫ్రాటర్నస్‌, డెబిలిస్‌ అనే మూడు వేర్వేరు జాతులు ఆ పేరు కింద కలిసిపోయాయని 1985లో భారతీయ వృక్షశాస్త్రజ్ఞులు తేల్చారు. వీటికి తోడు యూరినేరియా అనే మరో జాతి ఉంది. కాండం ఎర్రటి ఛాయలో ఉంటుంది, కాయ గరుకుగా ఉండి కొమ్మకు అంటుకున్నట్టు కాస్తుంది. అమారస్‌ కాయ నున్నగా ఉండి చిన్న కాడకు వేలాడుతుంది. పచ్చి మొక్క చేతిలో ఉన్నప్పుడు ఈ తేడా చూడగలం. ఎండబెట్టి, కట్ట కట్టి మూలికల దుకాణంలో పెట్టాక ఎంత అనుభవం ఉన్నవారికైనా కష్టమే. దక్షిణ భారతంలోని మూలికల దుకాణాల నుంచి సరుకు తెచ్చి జన్యు పద్ధతిలో పరీక్షించి, 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఎక్కువ భాగం అమారసే తేలినా, మిగతాది వేరే ఫిల్లాంథస్‌ జాతులని బయటపడింది.

జాతి మారితే లోపలి పదార్థాలు మారతాయి. కాలేయాన్ని కాపాడతాయని పేరున్న ఫిల్లాంథిన్‌, హైపోఫిల్లాంథిన్‌ అమారస్‌లో దండిగా ఉంటాయి. కొన్ని ఇతర జాతుల్లో నామమాత్రంగా ఉంటాయి, లేదా ఉండవు. కాబట్టి నేల ఉసిరి వాడి తగ్గిందని ఒకరు, తగ్గలేదని మరొకరు చెప్పుకున్నప్పుడు ఇద్దరూ ఒకే మొక్క గురించి మాట్లాడుతున్నారన్న భరోసా కూడా లేదు.

## గ్రంథాల్లో ఉన్నది

వేల ఏళ్లుగా కామెర్లకు వాడుతున్న మొక్క అని తరచూ రాస్తుంటారు. ఈ మాటను కొంచెం సరిచూసుకోవాలి. చరక సంహితలో తామలకి అనే మొక్క ఉంది. దాన్నే తర్వాతివారు భూమ్యామలకి, అంటే నేల ఉసిరి అన్నారు. చరకుడు దీన్ని చేర్చింది దగ్గును తగ్గించే పది మూలికల వరసలో, ఆయాసాన్ని తగ్గించే పది మూలికల వరసలో. 16వ శతాబ్దపు భావప్రకాశంలో దప్పిక, దగ్గు, పిత్తదోషాలతో పాటు పాండు రోగం ప్రస్తావన కనిపిస్తుంది. పాండు రోగమంటే ప్రధానంగా ఒళ్లు పాలిపోవడం. ఆయుర్వేదం కామెర్లను ఎక్కువగా దాని వెంట వచ్చేదిగా చూసింది. అంటే ఈ మొక్కకు కాలేయంతో ఉన్న సంబంధం గ్రంథాల్లో మెల్లగా చేరుతూ వచ్చింది.

ఇంకో సంగతి. ఇవాళ మనం ఎక్కువగా పీక్కొచ్చే అమారస్‌ పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా అని వృక్షశాస్త్రజ్ఞుల అంచనా. అక్కడి నుంచి ఓడల వెంట ఆఫ్రికాకు, ఆసియాకు పాకింది. అదే నిజమైతే చరకుడు చూసిన తామలకి ఇది కాకపోవచ్చు. ఆసియాలోనే పుట్టిన యూరినేరియా కావచ్చు, మరొకటి కావచ్చు. దక్షిణ అమెరికాలో ఈ మొక్కలకున్న పేరు "రాళ్లను పగలగొట్టేది". అక్కడివాళ్లు దీన్ని ముఖ్యంగా మూత్రపిండాల్లో రాళ్లకు వాడతారు. ఒకే రకం మొక్క ఒక చోట దగ్గుకు, ఒక చోట రాళ్లకు, మన దగ్గర కామెర్లకు ప్రసిద్ధి. సంప్రదాయం ఒక మొక్కను పరీక్షించి చూడదగ్గదని చూపిస్తుంది. ఏ జబ్బుకు, ఎంత మోతాదులో అన్నది మాత్రం సంప్రదాయాన్ని బట్టి తేలదు.

## కామెర్లు అంటే ఏమిటి

కామెర్లు ఒక జబ్బు పేరు కాదు, జ్వరంలాగా ఒక గుర్తు. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా చిక్కు సగం విడిపోతుంది.

ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. అది చితికినప్పుడు పుట్టే పసుపు పదార్థం బిలిరుబిన్‌. రక్తంలో తిరిగే ఈ బిలిరుబిన్‌ను కాలేయం పట్టుకుని, నీళ్లలో కరిగేలా మార్చి, పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపుతుంది. మలానికి ఆ రంగు వచ్చేది దీనివల్లే. ఈ దారిలో ఎక్కడ ఆటంకం వచ్చినా బిలిరుబిన్‌ రక్తంలో పేరుకుంటుంది. మామూలుగా డెసీలీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర్లో ఉండాల్సింది రెండున్నర, మూడు దాటితే కళ్లలో పసుపు కనబడుతుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. నిజానికి రోగికి లోకం పచ్చగా కనిపించదు. అతని కళ్లలో పచ్చదనాన్ని ముందు చూసేది ఎదుటివాళ్లే.

ఆటంకం మూడు చోట్ల రావచ్చు. కాలేయానికి చేరకముందే రక్తకణాలు విపరీతంగా చితికిపోవచ్చు. మలేరియాలో, మన ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్‌ సెల్‌ వ్యాధిలో జరిగేది అదే. రెండోది కాలేయంలోనే వాపు. వైరస్‌లు, మద్యం, కొన్ని మందులు దీనికి కారణాలు. మూడోది కాలేయం దాటాక పైత్యనాళం మూసుకుపోవడం. పిత్తాశయంలోంచి జారిన రాయి అడ్డుపడవచ్చు, క్లోమం తలభాగంలో పెరిగే కణితి నొక్కవచ్చు. పైత్యరసం పేగుల్లోకి రాదు కనుక మలం సుద్దమట్టి రంగుకు మారుతుంది, మూత్రం టీ డికాషన్‌లా వస్తుంది, ఒళ్లంతా దురద పెడుతుంది.

వీటన్నిటినీ తెలుగులో కామెర్లనే అంటాం. మలేరియాకు, పిత్తాశయ రాయికి, హెపటైటిస్‌-ఇ వైరస్‌కు ఒకే ఆకు మందవుతుందంటే, ఆ ఆకు ఏ దారిలో పనిచేస్తుందో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

## పసరుకు పేరు ఎలా వచ్చింది

మన దగ్గర అప్పటికప్పుడు వచ్చే కామెర్లలో పెద్ద వాటా హెపటైటిస్‌-ఎ, హెపటైటిస్‌-ఇ వైరస్‌లది. రెండూ కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వస్తాయి. 1955 చివర్లో యమునలోకి మురుగు ఎదురెక్కి తాగునీటిలో కలవడంతో ఢిల్లీలో 29 వేల మందికి పైగా కామెర్లు వచ్చాయి. దానికి కారణం హెపటైటిస్‌-ఇ అని చాలా ఏళ్ల తర్వాత తేలింది. 2005లో హైదరాబాద్‌లోనూ ఇదే వైరస్‌ విజృంభించింది.

ఈ రెండు వైరస్‌లకూ ప్రత్యేకమైన మందు సాధారణంగా అక్కర్లేదు. శరీరమే వాటిని తరిమేస్తుంది. ఎక్కువ మంది కొద్ది వారాల్లో కోలుకుంటారు. "ఇంగ్లిష్‌ మందు లేదు" అన్న మాటలోని నిజం ఇంతవరకే. డాక్టరు మందులు పెద్దగా రాయకుండా విశ్రాంతి తీసుకోమని పంపేస్తే, ఏదో ఒకటి చేయాలన్న ఆరాటం కుటుంబాన్ని పసరు దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ ఆరాటం తప్పు కాదు. ఇంట్లో ఒకరు అన్నం మానేసి పసుపుపచ్చగా పడుకుని ఉంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎవరికైనా కష్టం.

కామెర్లు వచ్చినవాళ్లు పసరుకు ఎప్పుడు వెళ్తారో గమనిస్తే అసలు విషయం తెలుస్తుంది. ఒళ్లు నలతగా ఉన్న మొదటి వారంలో ఎవరూ వెళ్లరు. కళ్లు బాగా పచ్చబడ్డాక వెళ్తారు. అప్పటికి జబ్బు శిఖరానికి చేరి, కిందికి దిగడానికి సిద్ధంగా ఉంటుంది. పరగడుపున మజ్జిగలో కలిపి మూడు మోతాదులు, రోజు విడిచి రోజు. లేదా మూడు ఆదివారాలు. ఆ కోర్సు పూర్తయ్యేసరికి ఆకలి వేస్తుంది, వికారం పోతుంది. ఆ పేరు మొక్కకు దక్కుతుంది. జిల్బర్ట్‌ సిండ్రోమ్‌ అని నూటికి కొందరిలో పుట్టుకతో ఉండే హాని లేని లక్షణం ఉంది. ఉపవాసం ఉన్నా, జ్వరం వచ్చినా కళ్లు కొంచెం పచ్చబడి, నాలుగు రోజుల్లో మామూలవుతాయి. వాళ్ల మీద పసరుకు విజయం ప్రతిసారీ ఖాయం.

పథ్యం పాత్ర ఇంకొకటి. పసరు పోసేవారు కచ్చితంగా చెప్పే నియమం సారా, కల్లు ముట్టొద్దని. ఇతర మాత్రలు ఆపమంటారు. మద్యం వల్ల కాలేయం వాచినవారికి తాగుడు మానడమే అన్నిటికన్నా బలమైన చికిత్స. డాక్టరు చెబితే వినని మనిషి, పసరు మీద భక్తితో నెలరోజులు మానేస్తాడు, కాలేయం తేరుకుంటుంది. పథ్యంలో ఈ భాగం నిజంగా మేలు చేసేది. నూనె, ఉప్పు, పప్పు అన్నీ మాన్పించి చప్పిడి తిండితో వారాలు గడిపించే భాగం మాత్రం నీరసాన్ని పెంచుతుంది. తేరుకుంటున్న కాలేయానికి తిండి కావాలి.

జబ్బు తగ్గాక కూడా కళ్లలో పసుపు కొన్నాళ్లు ఉండిపోవడానికి వేరే కారణం ఉంది. బిలిరుబిన్‌లో కొంత భాగం రక్తంలోని ఆల్బుమిన్‌ అనే మాంసకృత్తికి గట్టిగా అతుక్కుంటుంది. ఆల్బుమిన్‌ అరిగేదాకా, అంటే రెండు మూడు వారాలు, అది వదలదు. కాలేయ కణాలు చితికినప్పుడు రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ అనే ఎంజైమ్‌ మామూలుకొచ్చినా రంగు మిగిలి ఉంటుంది. చాలామంది రెండో విడత పసరుకు వెళ్లేది ఈ రోజుల్లోనే.

## 1988 నాటి ఆశ

నేల ఉసిరి నాటువైద్యం దాటి ప్రపంచ వైద్య పత్రికల్లోకి ఎక్కిందంటే అందుకు కారణం హెపటైటిస్‌-బి. రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు సోకే ఈ వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్‌ అందుకున్న బరూక్‌ బ్లంబర్గే ఈ మొక్క మీద ఆసక్తి చూపారు. మద్రాసు పరిశోధకులు, ఫిలడెల్ఫియాలోని ఆయన బృందం కలిసి పనిచేశారు. 1987లో వచ్చిన వారి పరిశోధనలో మొక్క సారం పరీక్షనాళికలో వైరస్‌ ఎదుగుదలకు అవసరమైన ఎంజైమ్‌ను అడ్డుకుంది. వుడ్‌చక్‌ అనే ఉత్తర అమెరికా జంతువుకు ఇలాంటి వైరస్సే సోకుతుంది. వాటి పొట్టలోకి సారాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తే వైరస్‌ తగ్గింది.

మరుసటి ఏడాది లాన్సెట్‌ అనే వైద్య పత్రికలో మద్రాసు ఫలితాలు వచ్చాయి. వైరస్‌ను మోస్తున్నవారికి ఎండు అమారస్‌ పొడి 200 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, 30 రోజులు ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్‌ పైపొర గుర్తు కనిపించకుండా పోయింది. అంటే నూటికి 59 మంది. పోలిక కోసం మందు లేని ఉత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఇదెంత పెద్ద విషయమో చెప్పాలంటే, ఏళ్ల తరబడి ఉన్న హెపటైటిస్‌-బిలో ఆ గుర్తు తనంతట తాను పోయేది ఏడాదికి నూటికి ఒకరిద్దరిలోనే. ఇవాళ్టి మందులతోనూ అది అరుదు. ఎవరింటి ముందైనా మొలిచే కలుపు మొక్క నెలరోజుల్లో ఆ పని చేసిందంటే ప్రపంచం ఆశగా చూడటం సహజం.

తర్వాతి పరీక్షలు ఆ ఆశను నిలబెట్టలేదు. 1990లో థాయ్‌లాండ్‌ వైద్యులు అదే లాన్సెట్‌లో తమకు ఫలితం రాలేదని రాశారు. 1994లో న్యూజిలాండ్‌ నుంచి కూడా అదే కబురు. కారణాలు వెతికారు. మొక్క వేరు జాతా, పెరిగిన నేల వల్లనా, కోసిన కాలం వల్లనా, లేక మద్రాసులో పరీక్షకు తీసుకున్న కొందరికి వైరస్‌ కొత్తగా సోకి, దానంతట అదే పోయే దశలో ఉందా? పెద్దల్లో కొత్తగా సోకిన హెపటైటిస్‌-బి నూటికి 95 మందిలో మందు లేకుండానే పోతుంది కాబట్టి ఈ చివరి అనుమానాన్ని కొట్టిపారేయలేం. 2011లో, వైద్య పరీక్షలను కలిపి తూచే కోక్రేన్‌ అనే సంస్థ సమీక్ష 16 పరీక్షలను, 1,326 మంది రోగుల వివరాలను ఒకచోట చేర్చి చూసింది. ఉత్తి మాత్రతో పోలిస్తే ఫిల్లాంథస్‌ మేలు చేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. వైరస్‌ మందులతో కలిపి ఇచ్చినప్పుడు కొంత లాభం కనిపించినా, ఆ పరీక్షలు జరిగిన తీరులోనే లోపాలున్నాయని తేల్చింది.

ఒక్క పరీక్షలో వచ్చిన గొప్ప ఫలితం మరోచోట, మరొకరి చేతిలో మళ్లీ వస్తేనే మందవుతుంది. నేల ఉసిరి ఆ మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఇవాళ్టికీ ప్రచారంలో 1988 అంకె ఒక్కటే చెప్పి, 1990 తర్వాతి సంగతి వదిలేయడం రోగుల పట్ల పెద్ద అన్యాయం.

## ఎలుకలో కాలేయం, మనిషిలో కాలేయం

నేల ఉసిరి కాలేయాన్ని కాపాడిందని చెప్పే జంతు పరిశోధనలు చాలా ఉన్నాయి, అవి అబద్ధాలు కావు. వాటి పద్ధతి చూడాలి. ఎలుకకు ముందు కొన్ని రోజులు సారం తాగిస్తారు. తర్వాత కార్బన్‌ టెట్రాక్లోరైడ్‌ అనే విషమో, ఎక్కువ మోతాదు పారాసిటమాలో ఇస్తారు. కాలేయ కణాలు చితికి ఎంజైమ్‌లు రక్తంలోకి కారతాయి. సారం తాగిన ఎలుకల్లో ఆ కారడం తక్కువగా ఉంటుంది. మొక్కలోని టానిన్లు, లిగ్నాన్లు విషం పుట్టించే చురుకైన అణువులను అణచడం దీనికి వివరణ. మనిషి విషయంలో వరస తలకిందులు. దెబ్బ ముందు తగులుతుంది, పసరు తర్వాత వస్తుంది. పైగా వైరస్‌ జబ్బులో కాలేయ కణాలను చంపేది ఎక్కువగా మన రోగనిరోధక శక్తే. అక్కడి దారి వేరు.

ఇది మన మూలికలకు మాత్రమే వచ్చిన ఇబ్బంది కాదు. యూరప్‌లో కాలేయానికి ఇంతే పేరున్న మొక్క మిల్క్‌ థిసిల్‌. దాని నుంచి తీసే సిలిమారిన్‌ను మన మెడికల్‌ షాపుల్లో లివర్‌ మాత్రగా అమ్ముతారు, అల్లోపతి డాక్టర్లూ రాస్తారు. ఎలుకల్లో దాని ఫలితాలూ బాగున్నాయి. 2012లో హెపటైటిస్‌-సి ఉన్న 154 మంది మీద అమెరికాలో జరిగిన పరీక్షలో 24 వారాలు వాడినా ఉత్తి మాత్రకు, దానికి తేడా రాలేదు. అదే మొక్కలోని సిలిబినిన్‌ను ఇంజెక్షన్‌గా, విషపు పుట్టగొడుగు తిన్నవారికి కొన్ని దేశాల్లో ఇస్తారు. మొక్క పనికిమాలినది కాదు, దాని పని ఇరుకైనది. నేల ఉసిరికీ అలాంటి చోటు ఏదైనా ఉందేమో వెతకడం విలువైన పనే. ఏ జాతి, ఏ భాగం, ఎంత మోతాదు అన్నది నిర్ణయించి, మంచి పరీక్షలు పెట్టాలి.

## అరుగుదల సంగతి

ఆకలి పుట్టించేదిగా, అజీర్తికి, నీళ్ల విరేచనాలకు కూడా నేల ఉసిరి వాడకం ఉంది. చేదు నాలుక మీద పడితే లాలాజలం ఊరుతుంది, జీర్ణరసాలు కదులుతాయి. నేలవేము, కాకర, వేపపువ్వు, ఏ చేదుకైనా ఇది కొంత వర్తిస్తుంది. టానిన్ల వగరు పేగును కొంచెం పట్టి ఉంచుతుంది. కామెర్లలో వికారంతో తిండి మానేసినవారికి పుల్లటి మజ్జిగలో కలిపిన చేదు నోటికి హితవుగా ఉండటం, ఆకలి కదలడం నమ్మదగ్గదే. మేలు కొంతవరకు మజ్జిగదీ అయి ఉండవచ్చు.

## మొక్క కన్నా ప్రమాదమైనవి

సరిగ్గా గుర్తించిన నేల ఉసిరి, కొద్ది మోతాదులో, కొద్ది రోజులు వాడితే పెద్ద హాని చేసిన దాఖలాలు పరీక్షల్లో ఎక్కువగా కనిపించలేదు. అయినా షుగర్‌ మాత్రలు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా తాగకూడదు. అసలు ప్రమాదం చుట్టూ ఉన్న వాటిలో ఉంది.

పసరు పోసే చాలామంది అందులో ఏముందో చెప్పరు. చెబితే గుణం పోతుందంటారు. ఏ ఆకులు, ఎన్ని కలిశాయో తెలియనప్పుడు తేడా వస్తే వైద్యుడికి చెప్పడానికి కూడా ఏమీ ఉండదు. కొన్ని చోట్ల ముక్కులో చుక్కలు వేస్తారు. గంటల తరబడి పసుపు నీళ్లు కారతాయి. కామెర్లు బయటికి వచ్చేస్తున్నాయని రోగి సంబరపడతాడు. ఆ రసం ఘాటుకు ముక్కు లోపలి పొర పుండై కారే ద్రవం అది. చేతుల మీద వాతలు పెట్టడం ఇంకా ఉంది. దాని వల్ల మిగిలేది పుండు, మచ్చ.

మంచి మూలిక అన్న పేరు ఒక్కటే భరోసా ఇవ్వదనడానికి తిప్పతీగ దగ్గరి ఉదాహరణ. కొవిడ్‌ రోజుల్లో ఇంటింటా కషాయం కాచుకున్నారు. 2021లో ముంబై వైద్యులు ఆరుగురికి, 2022లో హైదరాబాద్‌ సహా దేశంలోని 13 చోట్ల వైద్యులు 43 మందికి దాని వాడకం తర్వాత కాలేయం దెబ్బతిన్నట్టు నివేదించారు. చాలామందిలో శరీరం తన కాలేయం మీద తానే దాడి చేసే లక్షణాలు కనిపించాయి. తిప్పతీగను పోలిన వేరే జాతి కలిసి ఉండవచ్చని, అసలు తిప్పతీగ సురక్షితమేనని ఆయుష్‌ శాఖ వాదించింది. ఎవరి మాట నిజమైనా, గుర్తుపట్టడంలోని చిక్కు ఇక్కడా మళ్లీ ఎదురైంది.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఆలస్యం. పైత్యనాళంలో రాయి ఇరుక్కుని, చలిజ్వరంతో కామెర్లు వస్తే గంటలు లెక్కపెట్టాల్సిన పరిస్థితి. అలాంటప్పుడు మూడు ఆదివారాలు ఆగడం కుదరదు. క్లోమం కణితి మొదట్లో తెలిస్తే ఆపరేషన్‌కు వీలుంటుంది, నెల దాటితే చేయి దాటిపోవచ్చు. హెపటైటిస్‌-ఇ మామూలుగా తగ్గిపోయేదే అయినా, నెలలు నిండుతున్న గర్భిణికి వస్తే నూటికి 20 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉంది. పుట్టిన బిడ్డకు వచ్చే కామెర్లు ఎక్కువైతే మెదడు దెబ్బతింటుంది. నీలి కాంతి కింద పడుకోబెట్టడం ఆ కామెర్లకు ముఖ్య చికిత్స. ఏ పసరూ పసిబిడ్డ నోట్లో పోయకూడదు.

హెపటైటిస్‌-బి విషయంలో ఆలస్యం ఏళ్లలో ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 2.98 కోట్ల మంది దీన్ని మోస్తున్నారు. ఎక్కువ మందికి కళ్లు పచ్చబడవు, నొప్పి ఉండదు. పసరు తాగి తగ్గిపోయిందని నమ్మినవారి కాలేయం లోలోపల గట్టిపడుతూనే ఉంటుంది. టెనోఫోవిర్‌, ఎంటెకావిర్‌ లాంటి మాత్రలు వైరస్‌ను పూర్తిగా తీసేయకపోయినా అణిచి ఉంచుతాయి. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. జులై 28 బ్లంబర్గ్‌ పుట్టినరోజు, ప్రపంచ హెపటైటిస్‌ దినం కూడా. రాకుండా ఆపే టీకా మన గడ్డ మీదే చవకైంది. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్‌ 1997లో దేశంలో తొలిసారి జన్యు పద్ధతిలో హెపటైటిస్‌-బి టీకా తయారుచేసి, దిగుమతి టీకా ధరలో చిన్న భాగానికే అందించింది. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు ఆ టీకా పడితే తల్లి నుంచి వచ్చే ముప్పు చాలావరకు తప్పుతుంది. పసితనంలో సోకితే నూటికి 90 మందిలో ఇది జీవితాంతం ఉండిపోతుంది కాబట్టి ఆ మొదటి రోజు అంత ముఖ్యం.

## రిపోర్టులో ఏ అంకె చూడాలి

కామెర్లు వచ్చినప్పుడు లివర్‌ ఫంక్షన్‌ టెస్టు, అల్ట్రాసౌండ్‌, హెపటైటిస్‌ వైరస్‌ల పరీక్షలు చేయిస్తే ఆటంకం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. ఇంట్లో అందరి చూపూ బిలిరుబిన్‌ మీద, ఎస్‌జీపీటీ మీద ఉంటుంది. ఎస్‌జీపీటీ రెండు వేల నుంచి మూడు వందలకు దిగితే ఊపిరి పీల్చుకుంటారు. ఎక్కువసార్లు అది మంచి కబురే. కానీ బిలిరుబిన్‌ పెరుగుతూ ఎస్‌జీపీటీ ఒక్కసారిగా పడిపోతే, చితకడానికి కాలేయ కణాలే మిగలడం లేదని అర్థం కావచ్చు. అందుకే వైద్యులు ఇంకో అంకె అడుగుతారు. పీటీ-ఐఎన్‌ఆర్‌ అని రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే పరీక్ష అది. గడ్డకట్టించే పదార్థాలను తయారుచేసేది కాలేయమే కనుక, ఆ పని ఇంకా సాగుతోందా లేదా అన్నది ఇక్కడ తెలుస్తుంది. మామూలుగా ఒకటి దగ్గర ఉండే ఐఎన్‌ఆర్‌ ఒకటిన్నర దాటినా, మనిషి పగలు మగతగా పడుకుని రాత్రి మెలకువగా ఉంటున్నా, మాట తడబడుతున్నా, వాంతులు ఆగకపోయినా ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. కాలేయం చేతులెత్తేసే ముందు కనిపించే గుర్తులివి. కళ్ల రంగు ఎంతసేపు చూసినా వీటిలో ఒక్కటీ తెలియదు.